నేను చెప్పేదాకా లేవొద్దు

ఆమె అసలు పేరు హాజరు పట్టీలో ఉంది, అక్కడే ఉంటుంది. మిగతా లోకానికి ఆమె సరేనా సిస్టరు. ఏది చెప్పినా చివర "సరేనా" అనడం ఆమె అలవాటు. సూది వేస్తాను, సరేనా. చేయి చాపండి, సరేనా. రేపు పొద్దున ఏమీ తినకూడదు, సరేనా. అడగడం వరకే ఆమె వంతు. జవాబు వినడం ఏనాడూ కుదిరింది కాదు. అవతలివాళ్ళు నోరు తెరిచేసరికి ఆమె పక్క మంచం దగ్గర ఉండేది. పాపం, ఆమెను అనడానికీ లేదు. ముప్పై ఆరు మంచాల వార్డు, ఇద్దరు నర్సులు, ఉన్న ఒక్క చక్రాల కుర్చీకి మూడే చక్రాలు.

ఇంట్లో కూడా అంతేనని ఆమె భర్త చెబుతాడు. ఆయన దర్జీ. "పొయ్యి మీద పాలు పెట్టాను, చూస్తూ ఉండు, సరేనా అని వెళ్ళిపోతుందండి. నేను సరే అన్నానో లేదో గోడలకే తెలియాలి. పాలు పొంగినప్పుడు మాత్రం నన్నే నిలదీస్తుంది."

పంతొమ్మిదేళ్ళప్పుడు వాళ్ళ పిన్నికి కడుపు ఆపరేషన్ అయితే తోడుగా ఆసుపత్రికి వెళ్ళి, నర్సులు దుప్పటి మూలల్ని ఉత్తరం కవరు మడిచినట్టు మడవడం చూసి ముచ్చటపడి ఈ ఉద్యోగంలోకి వచ్చింది. సేవ, త్యాగం లాంటి మాటలు తర్వాత ఎవరో ఉపన్యాసంలో చెబితే విన్నది. ఇరవై రెండేళ్ళు ఆపరేషన్ల వార్డులో మూలలు మడిచింది. మోకాళ్ళు మొరాయించడం మొదలుపెట్టాక, ఇళ్ళకు వెళ్ళి రోగుల్ని చూసే విభాగానికి మార్చమని అర్జీ పెట్టుకుంది. ఆ అర్జీ మూడేళ్ళు ఏదో అలమరలో నిద్రపోయి, ఒకరోజు మధ్యాహ్నం ఆమె భోజనం డబ్బా మూత తీస్తున్న సమయానికి కళ్ళు తెరిచింది. ఇప్పుడే వెళ్ళి చేరాలి, సాయంత్రమైతే ఇంకొకరికి ఇచ్చేస్తారని ఆఫీసు గుమాస్తా పరుగెత్తుకొచ్చి చెప్పాడు. ఆమె డబ్బా మూత పెట్టేసింది. ఎదురైన సిస్టరు చేతిలో తాళాలు పడేసి, "అన్నీ బాగానే ఉన్నాయి, సరేనా" అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

అన్నీ బాగానే లేవు. ఒకటి మర్చిపోయింది. అదేమిటో నలభై ఒక్క రోజుల దాకా ఆమెకు తెలియలేదు.

కొత్త పని ఆమెకు బాగా నచ్చింది. ఒక స్కూటరు, ఒక సంచి, రోజుకు ఎనిమిది ఇళ్ళు. పొద్దున్నే ఒక కాగితం ఇస్తారు. అందులో ఎవరికి కట్టు మార్చాలో, ఎవరికి సూది వేయాలో రాసి ఉంటుంది. నలభై ఒకటో రోజున అవతలి వీధులు చూసే సిస్టరు సెలవు పెట్టింది. ఆ ఇళ్ళు ఈమె మీద పడ్డాయి. కాగితంలో నాలుగో వరస ఇలా ఉంది: పురుషుడు, అరవై మూడేళ్ళు, హెర్నియా ఆపరేషన్ తర్వాత కదలలేని స్థితి, మంచంలోనే అన్నీ, వీపున పుండ్లు పడ్డాయేమో చూడాలి.

హెర్నియాకూ కదలలేకపోవడానికీ ఏమిటి సంబంధమని ఆమె నొసలు ముడిచింది. మధ్యలో పక్షవాతం ఏదైనా వచ్చిందేమోలే అనుకుంది. స్కూటరు ఆపి చూస్తే ఆ ఇంటి ద్వారబంధం ఒకవైపు పగలగొట్టి ఉంది. లోపలి ఇటుకలు బయటపడి ఉన్నాయి.

లోపల గది మధ్యలో మంచం. మంచం కోళ్ళకు నాలుగు చక్రాలు. పక్కనే ఒక పొడుగాటి కర్ర, దాని కొసన వంపు తిరిగిన ఇనప ముక్క. అది ఫ్యాను స్విచ్చి నొక్కడానికి. వీధిలో ఎవరు పోతున్నారో పడుకునే చూడటానికి కిటికీ దగ్గర ఏటవాలుగా ఒక అద్దం కట్టారు. గోడ మీద కొత్తగా ఫ్రేము కట్టించిన పెళ్ళి ఫోటో. అందులో చుట్టాలందరూ నిలబడి ఉన్నారు. ముందు వరసలో, సరిగ్గా పెళ్ళికూతురి కాళ్ళ దగ్గర, ఈ మంచం ఉంది. మంచం మీద ఇస్త్రీ చొక్కా వేసుకుని ఈ మనిషే పడుకుని కెమెరాలోకి చూస్తున్నాడు.

వీపున పుండ్లు లేవు. మనిషి కూడా నిగనిగలాడుతున్నాడు. సిస్టరు తన ధోరణిలో తాను సంచి తెరుస్తూ, "బాబాయ్‌గారూ, కొంచెం పక్కకు తిరగండి, వీపు చూస్తాను, సరేనా" అంది.

ఆ చివరి మాట వినగానే ఆయన గిరుక్కున తల తిప్పాడు.

"ఏమేవ్, ఇట్రా. ఆవిడే. నూటికి నూరుపాళ్ళు ఆవిడే."

ఆయన భార్య వంటింట్లోంచి గరిటెతో వచ్చింది. పెరట్లోంచి ఆమె తమ్ముడు, వడ్రంగి, చెవి మీద పెన్సిలుతో వచ్చాడు. ముగ్గురూ సిస్టరును చూసిన చూపు ఎలా ఉందంటే, ఎండిన చేలో నిలబడి మబ్బును చూసినట్టుంది.

"వచ్చారా తల్లీ," అన్నాడు మంచం మీది మనిషి. "ఇక లేవమంటారా?"

"లేవగలరా మీరు?"

"లేవలేకపోవడానికి నాకేమైంది? మీరే కదమ్మా లేవొద్దన్నారు."

సిస్టరుకు ముందూ వెనకా ఏమీ అర్థం కాలేదు. ఈ ముఖం తను ఎక్కడా చూసిన గుర్తు లేదు. ఇరవై రెండేళ్ళలో ఎన్ని ముఖాలని గుర్తుంటాయి? అప్పుడు ఆయనే పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆరోజు వెన్నులో మత్తు సూది వేసి ఆపరేషన్ చేశారు. కాళ్ళు మొద్దుబారి ఉన్నాయి. ఈమె వచ్చి దుప్పటి మూలలు మడిచి, వేలు చూపించి ఇలా అంది: "నేను వచ్చి చెప్పేదాకా మంచం దిగొద్దు. మీ ఆవిడ చెప్పినా, డాక్టరు చెప్పినా, ఎవరు చెప్పినా సరే, నేను చెప్పేదాకా లేవొద్దు. సరేనా."

"నేను సరే అన్నానమ్మా," అన్నాడాయన. "అప్పటికే మీరు అటు వెళ్ళిపోయారు గాని, నేను అన్నాను."

సిస్టరుకు అప్పుడు గుర్తొచ్చింది. మనిషి కాదు, ఆ వారం. అంతకు రెండు రోజుల ముందు ఒకాయన మత్తు దిగకుండానే, డాక్టరు సరదాగా "లేచి నడువయ్యా" అన్నాడని లేచి, కింద పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. అప్పట్నుంచి ఆమెది ప్రతి మంచం దగ్గరా ఇదే పాఠం. ఆరు గంటలయ్యాక వచ్చి లేవమని చెప్పేది. ఈయన విషయంలో ఆ ఆరో గంటకు ఆమె ఊరికి అటు చివర కొత్త స్కూటరుకు తాళం తిప్పుతోంది.

"నలభై ఒక్క రోజులు," అన్నాడు వడ్రంగి. "మా బావను నేను మోసినట్టు ఎవరూ ఎవర్నీ మోసుండరు. పెళ్ళికి మోశాం. ఓటు వేయడానికి మోశాం. అక్కడ ఆ అధికారి మంచాన్ని వరసలో నిలబెట్టమన్నాడు. ఇక నా వల్ల కాక గుమ్మం పగలగొట్టి వెడల్పు చేసి, మంచానికి చక్రాలు బిగించాను."

"మరి ఆసుపత్రిలో ఎవరూ ఏమీ అనలేదా?"

"అనకేం. రెండో రోజు డాక్టరొచ్చి లెమ్మన్నాడు. డాక్టరు చెప్పినా లేవొద్దన్నారు సార్ అన్నాడు బావ. నడిపించే మనిషొకడు వచ్చాడు. అతనికీ, వార్డు సిస్టర్లకూ అదే మాట. అతను కాగితం మీద 'రోగి లేవడానికి ఇష్టపడటం లేదు' అని రాసుకుపోయాడు. తర్వాత వచ్చినాయన దాన్ని చూసి 'లేవడం లేదు' అని రాశాడు. ఆ తర్వాతాయనకు కాగితంలో చోటు చాల్లేదు, 'లేవలేడు' అని రాశాడు. నాలుగో రోజుకు స్ట్రెచరు మీద ఇంటికి పంపేశారు. ఆ సిస్టరేదని నేను వార్డుకు మూడుసార్లు తిరిగాను. ఎలా ఉంటుందంటే, సరేనా అంటుందని చెప్పాను. అందరం అంటాం పొమ్మన్నారు."

ఈ మొండితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా భార్య చెప్పింది. ఆయన ముప్పై నాలుగేళ్ళు రైల్వే గేటు దగ్గర పనిచేశాడు. గేటు వేశాక స్టేషన్ నుంచి ఫోను వస్తేనే తీయాలి. లారీవాళ్ళు తిట్టినా, పెళ్ళివాళ్ళు కాళ్ళావేళ్ళా పడ్డా, ఒకసారి పెద్ద అధికారి జీపు దిగి వచ్చి అరిచినా గేటు లేవలేదు. అందరూ ఆయన్ను గేటాయన అనే పిలుస్తారు.

సిస్టరుకు నవ్వు పొంగుకొచ్చింది. నవ్వితే ఆ ఇల్లాలు గరిటె విసురుతుందేమోనని పెదవి కరుచుకుంది. ఒక్క మాట చాలు, లేవండి అంటే చాలు, ఈ గోల వదిలిపోతుంది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కాని ఇన్నాళ్ళు పడుకున్న మనిషిని లేపే ముందు కాళ్ళు చూడాలన్నది ఆమె చేతులకు తెలుసు. మనసు మర్చిపోయినా చేతులు మర్చిపోవు. దుప్పటి తీసింది.

ఎడమ పిక్క కుడి పిక్కకన్నా లావుగా ఉంది. చర్మం బిగిసి మెరుస్తోంది. చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. సంచిలోంచి టేపు తీసి రెండూ కొలిచింది. మూడున్నర సెంటీమీటర్ల తేడా.

"ఇక్కడ నొప్పి ఉందా బాబాయ్‌గారూ?"

"రెండు రోజులుగా గుంజుతోంది."

"నేనే నూనె రాసి గట్టిగా మర్దన చేస్తున్నా," అంది భార్య. "ఇవాళ ఇంకా చెయ్యలేదు."

"చెయ్యకండి," అంది సిస్టరు. "దాన్ని అసలు ముట్టుకోకండి. ఆయాసం గాని, ఊపిరి తీస్తే ఛాతీలో నొప్పి గాని ఉందా? లేదు కదా. మంచిది. బాబాయ్‌గారూ, మీరిప్పుడు మంచం దిగొద్దు."

వడ్రంగి మంచం చక్రాల వైపు చూశాడు.

ముందుగా తేరుకున్నది భార్య. "ఏమన్నారు?" అంది నెమ్మదిగా. "నలభై ఒక్క రోజులు మీ కోసం కళ్ళు కాయలు కాసేలా చూశాం. ఆయనకు గిన్నె పెట్టాను, తీశాను, తల దువ్వాను. మీరు వచ్చి, టేపుతో కొలిచి, మళ్ళీ పడుకోమంటారా? ఇంకో నలభై రోజులకు వస్తారా మళ్ళీ?"

"చూశావా?" అన్నాడు గేటాయన, ముఖం వెలిగిపోతూ. "నేను లేవకపోవడం ఎంత మంచిదైందో. లేచి ఉంటేనా?"

సిస్టరు ఫోను కోసం సంచిలో చెయ్యి పెట్టి ఆగింది. ఆయన అలా సంతోషంగా అనుకుంటే తన తప్పు ఎవరికీ తెలియకుండా పోతుంది. అంబులెన్సు పిలిచి పంపేస్తే సరిపోతుంది. కాగితంలో ఎలాగూ కదలలేని రోగి అనే ఉంది. కదలలేని వాడికి కాలు వాచిందంటే ఎవరూ వింతగా చూడరు. అలా చూడకపోవడమే ప్రమాదమని కూడా ఆమెకు తెలుసు. ముందు ఫోను తీసింది.

డ్యూటీ డాక్టరు అవతల ఏదో నములుతున్నాడు. "సిస్టర్, కాగితం నా ముందే ఉంది. మంచం పట్టిన మనిషి. కాలికి కొంచెం నీరు పడుతుంది. దిండు మీద ఎత్తుగా పెట్టించండి, ఎల్లుండి చూద్దాం."

"మంచం పట్టలేదు సార్. రెండు కాళ్ళూ బాగానే ఆడుతున్నాయి. ఒక్క పిక్కే వాచింది, వేడిగా ఉంది, మూడున్నర తేడా. రక్తం గడ్డ కట్టిందని నా అనుమానం. ఇప్పుడే స్కాను చెయ్యాలి."

"కదలగలిగితే ఎందుకు కదల్లేదు?"

"నేను లేవమని చెప్పలేదని సార్."

నమలడం ఆగింది. "మీరెందుకు చెప్పలేదు?"

"నాకు బదిలీ అయింది సార్."

"ఎప్పుడు?"

"నలభై ఒక్క రోజుల కిందట. ఆపరేషన్ రోజే. ఈయన అప్పట్నుంచి నా మాట కోసం పడుకునే ఉన్నారు. మీకు నమ్మశక్యంగా లేదని తెలుసు. కావాలంటే ఆయనతోనే మాట్లాడండి."

"వద్దు," అన్నాడు డాక్టరు. "పంపండి. నేను స్కాను వాళ్ళకు చెబుతాను."

ఫోను పెట్టేసి ఆమె స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుంది. ఇరవై రెండేళ్ళలో రోగి పక్కన కూర్చోవడం బహుశా అదే మొదటిసారి. మోకాళ్ళు రెండూ టక్కుమన్నాయి.

"బాబాయ్‌గారూ, మీకు నిజం చెప్పాలి. లేవకపోవడం మంచిదైందని మీరన్నారు. అది కాదు. లేవకపోవడం వల్లే ఇది వచ్చింది. ఆడకుండా ఉంటే కాల్లో రక్తం గడ్డ కడుతుంది. ఆ గడ్డ పైకి, ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే స్కాను అయ్యేదాకా కదలొద్దంటున్నాను. తప్పు మీది కాదు. మీరు చెప్పినట్టు విన్నారు. నేను చెప్పాల్సింది చెప్పకుండా పోయాను."

గేటాయన ముఖం చిన్నబోయింది. అద్దంలో వీధి వైపు చూశాడు. ఎవరో సైకిలు మీద పోయారు.

"ముప్పై నాలుగేళ్ళు," అన్నాడు. "మాట విన్నందుకు ఒక్క ప్రాణం పోలేదమ్మా. ఇప్పుడు మాట విని నేనే పోతానంటారా?"

"పోనివ్వను. కాని ఒకటి అడుగుతా చెప్పండి. మీ గేటుకు ఫోను చేసే స్టేషన్ మనిషి మధ్యలో సెలవు పెట్టి వెళ్ళిపోతే ఏం చేసేవాళ్ళు?"

"ఆయన కుర్చీలో కూర్చున్నవాడు చేస్తాడు. మనిషిదేముంది, కుర్చీది మాట."

"మరి నా కుర్చీలో కూర్చున్న సిస్టర్లు లెమ్మన్నారు కదా, ఎందుకు లేవలేదు?"

"మీరు కుర్చీ మాట చెప్పలేదమ్మా. నేను చెప్పేదాకా అన్నారు. ఎవరు చెప్పినా వద్దన్నారు. గేటుకు తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకుపోయినట్టు చేశారు."

సిస్టరు టేపు చుట్టి సంచిలో పెట్టుకుంది.

"పైగా మా పనిలో ఒక పద్ధతుంది," అన్నాడు గేటాయన, కొంచెం పెద్దరికంగా. "ఫోనులో ఏం చెప్పినా మనం తిరిగి ఒప్పజెప్పాలి. ఒప్పజెప్పేదాకా అవతలివాడు ఫోను పెట్టకూడదు. పెట్టాడంటే ఆ మాట చెప్పనట్టే లెక్క."

"మీ బావగారు నాకు పాఠం చెబుతున్నారు," అంది సిస్టరు వడ్రంగితో.

"నాకు నలభై రోజులుగా చెబుతున్నాడు," అన్నాడు వడ్రంగి. "మీకు ఇవాళే మొదలు."

ఆమె సంచిలోంచి కాగితం తీసి రాసింది. స్కాను అయ్యేదాకా నేల మీద అడుగు పెట్టకూడదు. స్కాను తర్వాత ఎప్పుడు లేవాలో వార్డు డాక్టరు నిర్ణయిస్తారు. ఆ మాట వార్డులో నర్సు కుర్చీలో ఆ పూట ఎవరుంటే వాళ్ళు చెబుతారు, వాళ్ళు చెప్పినది నేను చెప్పినట్టే. ఎల్లుండి సాయంత్రానికి కూడా ఎవరూ ఏమీ చెప్పకపోతే మీరే గట్టిగా పిలిచి అడగాలి. కింద సంతకం చేసి, తేదీ, గంట వేసింది. తర్వాత చదివింది. ఆయన ఒక్కొక్క మాటా తిరిగి ఒప్పజెప్పాడు. మూడో మాట దగ్గర తడబడితే మళ్ళీ మొదటి నుంచి చెప్పించింది. ఈసారి ఆమె ఎక్కడికీ వెళ్ళలేదు.

అంబులెన్సు వచ్చింది. అందులోవాళ్ళు చక్రాల మంచం చూసి ఇది బండిలో పట్టదన్నారు. మంచం దిగొద్దని కాగితంలో ఉంది కదా అన్నాడు గేటాయన. అడుగు నేల మీద పెట్టకూడదని మాత్రమే ఉంది, మంచం మీద నుంచి స్ట్రెచరు మీదికి జరగవచ్చంది సిస్టరు. ఆ ముక్క కూడా రాసివ్వమన్నాడు. రాసిచ్చింది. అంబులెన్సు డ్రైవరు ఇంజను ఆపి దిగి వచ్చి, ఇదేమైనా ఆస్తి తగాదానా అని అడిగాడు.

వాళ్ళు వెళ్ళాక ఆమె అరుగు మీద కూర్చుని తన రోజువారీ ఫారం తీసింది. రోగి కదలకపోవడానికి కారణం అని ఒక గడి ఉంది. పక్షవాతం, ఎముక విరగడం, వృద్ధాప్యం, ఇతరములు. ఇతరములు అన్న చోట "నేను చెప్పడం మర్చిపోయాను" అని రాసింది. మర్నాడు ఆఫీసు గుమాస్తా దాన్ని పట్టుకుని వచ్చి, "సిస్టరమ్మా, ఇలా రాస్తే మెమో ఇస్తారు, వృద్ధాప్యం దగ్గర టిక్కు పెట్టెయ్యండి, ఎవరూ చూడరు" అని బతిమాలాడు. ఇస్తే ఇవ్వనీ అంది. ఇచ్చారు. ఆమె భర్త ఆ మెమోను రెండుసార్లు చదివి, "పాల విషయంలో కూడా ఒకటి ఇస్తే బాగుండు" అన్నాడు.

స్కానులో పిక్కలో గడ్డ ఉన్న మాట నిజమేనని తేలింది. పైకి పోలేదు. రక్తం పలచబడే సూదులు మొదలుపెట్టారు. మూడో రోజు మధ్యాహ్నం నడిపించవచ్చని డాక్టరు చెప్పాడని తెలిసి, సిస్టరు రెండు ఇళ్ళు గబగబా ముగించుకుని వార్డుకు వచ్చింది. కాని లోపలికి పోలేదు. తను కనపడితే ఆయన తన మాట మీదే లేస్తాడు. అలా లేస్తే రేపు ఇంకొకరి మాట మీద లేవడు. తలుపు వెనక నిలబడింది.

ఆ పూట కుర్చీలో ఉన్నది సిస్టరు కాదు, బ్రదరు. గంభీరమైన మీసాలు, గుమ్మమంత మనిషి, ఈ వార్డులో చేరి నాలుగు రోజులు. అతను వచ్చి, "పెద్దాయనా, డాక్టరుగారు నడవొచ్చన్నారు. ముందు మంచం అంచున కూర్చుని కాళ్ళు వేలాడేయండి. తల తిరక్కపోతే నా భుజం పట్టుకుని లేవండి" అన్నాడు.

గేటాయన దిండు కింద నుంచి కాగితం తీశాడు. కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. బ్రదరును మీసాల నుంచి చెప్పుల దాకా చూశాడు.

"కుర్చీలో ఉన్నది మీరేనా?"

"నేనే."

వడ్రంగి రెండు చేతులూ నడుముకు పెట్టుకున్నాడు, మళ్ళీ మోయాల్సి వస్తుందేమోనని.

"ముందు అంచున కూర్చోవాలి. కాళ్ళు వేలాడేయాలి. తల తిరక్కపోతే మీ భుజం పట్టుకుని లేవాలి," అని ఒప్పజెప్పాడు గేటాయన.

"అవును."

కూర్చున్నాడు. కాళ్ళు వేలాడేశాడు. అవి నలభై నాలుగు రోజుల్లో కర్రపుల్లల్లా అయ్యాయి. నిక్కరు గుడ్డ వాటి చుట్టూ వదులుగా ఊగుతోంది. లేచాడు. మోకాలు వంగిపోయింది. బ్రదరు పట్టుకున్నాడు. సిస్టరు చెయ్యి దానంతటదే ముందుకు పోయింది, తలుపు అడ్డం వచ్చింది. ఆయన మళ్ళీ కూర్చుని, మళ్ళీ లేచాడు. ఈసారి నిలబడ్డాడు. అరికాళ్ళు నేలకు ఆనించి, వేళ్ళు కదిపి చూసుకుని, "చల్లగా ఉంది" అన్నాడు. భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఒక అడుగు. రెండు. మూడో అడుగు దగ్గర భార్యకు తలుపు సందులో సిస్టరు కనపడింది. సిస్టరు చూపుడువేలు పెదాల మీద పెట్టుకుంది. ఆవిడ తల తిప్పుకుని, మొగుడి మోచెయ్యి పట్టుకుంది.

"ఇక్కడేం చేస్తున్నావమ్మా, తలుపు వెనక?" అంది ఆయా, బకెట్టు కింద పెడుతూ. "తడి గుడ్డ పెట్టాలి, కాలు తియ్యి."

సిస్టరు ఒక కాలు తీసింది. ఆయా అక్కడ తుడిచింది.

"ఇంకోటి."

రెండోదీ తీసి, స్కూటరు తాళంచెవి కోసం సంచిలో వెతుక్కుంటూ మెట్ల వైపు నడిచింది. ఇంకా అయిదు ఇళ్ళున్నాయి.